పాట కొనేముందు వినండి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. లెక్కలు, మందుల బిల్లులు మనం ఎప్పుడూ మాట్లాడుకునేవే. ఈ పూట పాటల గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాను. మన పక్కనున్న విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు. 1936లో ఆ బాధ్యత ద్వారం వెంకటస్వామినాయుడుగారికి వచ్చింది. 1964లో నాయుడుగారు కాలం చేశారు. ఆ ఫిడేలు ఈనాటి మనవలకు వినిపించాలంటే రికార్డే దిక్కు. నాసి ప్రతి కొని వినిపిస్తే "ఇదేనా తాతయ్యా, ఆయన గొప్ప?" అంటారు. పోయేది మన డబ్బు ఒక్కటే కాదు.

అందుచేత విని కొనాలి. రథసప్తమి రద్దీలో, గుడి వీధి మైకుల హోరులో పాట నాణ్యం తేలదు. తీరిక వేళ వెళ్లి, హెడ్‌ఫోను పెట్టుకుని, మీకు బాగా తెలిసిన పాటే వేయించుకోండి.

మొదటిది నకలు సంగతి. ఆఫీసులో ఐదో కార్బను కాపీ ఎలా ఉండేదో మనకు తెలుసు. దాన్ని ఖరీదైన కాగితం మీద జెరాక్సు తీసినా పోయిన అక్షరం తిరిగి రాదు. 128 కిలోబిట్ల ఫైలును 320కి మార్చి అమ్మినా అంతే.

రెండవది శ్రుతి. పాత రికార్డులన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్ల లెక్కన తయారైనవి కావు. ఎక్కించేటప్పుడు వేగం నూటికి ఆరు వంతులు పెరిగితే శ్రుతి ఇంచుమించు అర మెట్టు పైకి పోతుంది. తెలిసిన గొంతు సన్నబడి, పాట పరుగెడుతుంటే అనుమానించండి.

మూడవది గరగర. పాత రికార్డుకు అది సహజం. దాన్ని బొత్తిగా తుడిచేస్తే కమాను జీర, తంబురా నాదం కూడా దానితో పోవచ్చు. వాయిద్యం ఆగాక నాదం మెల్లగా తగ్గిందా, టక్కున తెగిందా గమనించండి.

నాలుగవది మన చెవులు. వయసుతో ముందుగా తగ్గేది సన్నని ధ్వనులు వినే శక్తి. కనుక మనవడినో మనవరాలినో వెంట తీసుకువెళ్లండి. పాట మీకు తెలుసు, చప్పుడు వారికి తెలుస్తుంది. ఇద్దరూ బాగుందంటేనే డబ్బు తీయండి. ఆ వంకన పిల్లలకు నాయుడుగారి ఫిడేలు పరిచయమవుతుంది.