పాత గోదాములో పెళ్ళి భోజనము

ఈ వారము ధ్యానము కొరకు యోహాను సువార్త 20, 21 అధ్యాయములు తెరచి ఉంచుకొనండి.

చిట్టమూరు నుండి ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరము నా చేతిలో ఉన్నది. ఆయన తండ్రి ఒక రైసు మిల్లు గోదాములో ఇరవై ఏళ్ళు హమాలీగా బస్తాలు మోశాడు. మిల్లు మూతబడినది. ఆఖరి మూడు నెలల కూలి చేతికి రాలేదు. ఆ తండ్రి ప్రభువు నందు నిద్రించాడు. ఇప్పుడు ఆ గోదాముకు రంగులు వేసి, అద్దాలు బిగించి, ముందు దుకాణములు, వెనుక ఫంక్షన్ హాలు, ప్రక్కన పిల్లలు ఆడుకొనే చోటు పెట్టారు. సంఘములో ఒక పెళ్ళి అక్కడే జరుగబోతున్నది. "అయ్యగారూ, ఆ హాలులో విస్తరి ముందు కూర్చోవాలంటే నా మనసు ఒప్పటము లేదు. ఇది నా విశ్వాసములో లోపమా?" అని అడిగాడు.

లోపము కాదు తమ్ముడూ. నీవు అడిగినది చాలామంది తెలుగువారు బొంబాయిలో లోలోపల అడుగుకున్నదే.

అక్కడ లోయర్ పరేల్‌లో 1905లో ఫీనిక్స్ మిల్లు అనే బట్టల మిల్లు వెలిసింది. ఆ ప్రాంతమంతా మిల్లులే గనుక మరాఠీలో గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు అనేవారు. తెలంగాణ జిల్లాల నుండి మన పద్మశాలీలు ఎందరో మగ్గము విడిచి ఆ మిల్లుల్లో కూలికి చేరారు. సైరను కూతకు లేచి, ఒక్క గదిలో పదిమంది సర్దుకొని బ్రతికారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వములో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ లాంఛనముగా ప్రకటించలేదు. వేలాది మంది మరల ఆ గేటు లోపలికి పోలేదు. కొందరు ఊళ్ళకు తిరిగి వచ్చారు, కొందరు అక్కడే కూరగాయలు అమ్ముకున్నారు.

తరువాత ఫీనిక్స్ మిల్లు ఆవరణలో బౌలింగ్ ఆట వచ్చింది, పెద్ద దుకాణములు వచ్చాయి, హోటళ్ళు, సినిమా హాళ్ళు వచ్చాయి. హై స్ట్రీట్ ఫీనిక్స్ అన్నారు, తరువాత ఫీనిక్స్ పల్లాడియం అన్నారు. పాత పొగగొట్టము ఒకటి మాత్రము ఉంచారు. జనము దాని క్రింద ఫొటోలు తీసుకుంటారు. దుకాణము పాపమని నేను చెప్పటము లేదు సుమా! క్రిస్మసుకు బట్టలు కొనని ఇల్లు మనలో ఏది?

అయితే ఆ పేరు గమనించండి. ఫీనిక్స్ అంటే చనిపోయి మరల లేస్తుందని పాతకాలపువారు చెప్పుకున్న పక్షి. మొదటి శతాబ్దము చివర రోమా సంఘ పెద్ద క్లెమెంతు కొరింథు సంఘమునకు ఉత్తరము వ్రాస్తూ, పునరుత్థానమునకు పోలికగా ఈ పక్షినే తీసుకున్నాడు. ఆయన చెప్పిన కథలో ఒక సంగతి ఉన్నది. క్రొత్త పక్షి రెక్కలు రాగానే తన దారిన తాను ఎగిరిపోదు. చనిపోయిన పక్షి ఎముకలను మోసుకొని అరేబియా నుండి ఐగుప్తు దాకా వెళ్ళి, అక్కడి బలిపీఠము మీద ఉంచుతుంది. కథే అనుకోండి. కాని ముందటివాని ఎముకలను మోయని లేవడమును మన పెద్దలు పునరుత్థానమునకు పోలికగా తీసుకోలేదు.

ఇప్పుడు యోహాను 20 చూడండి. ప్రభువు మహిమతో లేచాడు. మూసిన తలుపుల మధ్యకు వచ్చాడు. అంతటి శరీరములో మేకుల గుర్తులు చెరిపివేయటము ఆయనకు ఎంత పని? చెరపలేదు. తోమాను పిలిచి, వేలు పెట్టి చూడమన్నాడు. గోడకు రంగు వేసినంత మాత్రాన గోదాము లేచినట్లు కాదు. ఆ గోడకు ఆనుకొని మోసినవాని గాయము అక్కడ ఎవరికైనా కనబడుతున్నదా?

ఈ ప్రసంగము వింటున్నవారిలో అలాంటి హాలు యజమానులు కూడా ఉండవచ్చును. అయ్యా, కోపగించుకోకండి. కట్టడము కొనేటప్పుడు పాత హాజరు పుస్తకము కూడా అడిగారా? బాకీ మీది కాకపోవచ్చు, పాత యజమానిది కావచ్చు. న్యాయస్థానము మిమ్మును అడగకపోవచ్చు. అయితే ఎగవేసిన కూలికి నోరున్నదని, అది దేవునికి వినబడుతుందని యాకోబు 5వ అధ్యాయము చెబుతున్నది. జక్కయ్య ఎవరూ దావా వేయకుండానే లెక్క తీశాడు. చనిపోయిన హమాలీకి కొడుకులున్నారు, విధవరాండ్రున్నారు, వారి ఇళ్ళు మీకు తెలుసు.

చిట్టమూరు తమ్ముడూ, నీవు ఆ పెళ్ళికి వెళ్ళు. పెళ్ళికూతురు నీకు బాకీ లేదు. నీ పిల్లలను కూడా తీసుకొనిపో. మీ తాత బస్తా దించి నడుము ఆన్చుకున్న స్తంభము ఏదో చూపించు. ఆ మూడు నెలల కూలి సంగతి సంఘ పెద్దలతో కలిసి హాలు వారి దగ్గర మర్యాదగా, కాని తిన్నగా మాట్లాడు.

21వ అధ్యాయములో తెల్లవారుజామున గట్టు మీద ప్రభువు ఏమి చేస్తున్నాడో చూడండి. పులికాటు ఒడ్డున ఉండే మీకు ఇది వేరే చెప్పనక్కరలేదు. రాత్రంతా వల వేసి ఉత్త చేతులతో వస్తున్న కూలిజనము. లేచిన ప్రభువు వారికొరకు నిప్పులు చేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి, రమ్మని పిలిచి, తానే వడ్డించాడు. ఆ చేతులకు గుర్తులు ఇంకా ఉన్నాయి.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, కూలి అందకయే కన్నుమూసిన మా తండ్రులను నీవు పేరుపేరున ఎరుగుదువు. పాత హాజరు పుస్తకములు తెరిచే ధైర్యము మా యజమానులకు దయచేయుము. మూతబడిన మిల్లుల గేట్ల దగ్గర వయసు గడిపినవారిని ఈ రాత్రి జ్ఞాపకము చేసుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.