నవల ఆఖరి ప్రకరణాలు



ఇంటిపని చూసుకుంటూ నవలలు రాసే ఆడవాళ్ల గురించి రెండు మాటలు చెబుతాను. రాసేవాళ్లు ఏ నలుగురో ఉంటారు, మాకెందుకు అంటారేమో! వాళ్లు రాసింది చదివేది మనమే కదండీ.

నాకు తెలిసిన ఒకావిడ ఇరవైరెండు ప్రకరణాలు పూర్తిచేసింది. మిగిలినవి మూడే. ఆర్నెల్లుగా ఆ మూడూ కదలడం లేదు. "మొదట్లో పప్పు ఉడికేలోగా ఒక పేజీ రాసేదాన్ని వదినగారూ, ఇప్పుడు గంట కూర్చున్నా వాక్యం సాగదు" అంటుంది. ఉతికిన బట్టలు మంచంమీద గుట్టగా పడి ఉంటున్నాయి. కొన్న చింతపండు గింజ తీయనే లేదు. "రాతలు ఎక్కువయ్యాయి, ఇల్లు పట్టడం లేదు" అని ఇంట్లో సణుగుడు మొదలైందట.

ఆవిడలో లోపమేమీ లేదు. నవల తీరే అంత. మొదట్లో పాత్రలు ఇద్దరో ముగ్గురో. పనికీ పనికీ మధ్య దొరికిన అరగంట చాలు. చివరికొచ్చేసరికి ఇరవైమంది పోగవుతారు. మూడో ప్రకరణంలో మేనత్త అన్నమాట ఇరవైమూడో ప్రకరణంలో గుర్తుండాలి. అదంతా మనసులో పరుచుకోవడానికే గంట పడుతుంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో పాలవాడు! అరిసెలకు ఉండపాకం వచ్చే వేళ ఎవరు పిలిచినా మనం పొయ్యి దగ్గరనుంచి కదులుతామా? ఇదీ అంతే.

ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆవిడకు పెళ్లి కాలేదు, అయినా ఇంటిపని తప్పలేదు. 1809లో తల్లి, అక్క కసాండ్రా, స్నేహితురాలు మార్తా లాయిడ్‌లతో కలిసి చాటన్ అనే పల్లెలో కాపురం పెట్టింది. ఇంటి పెత్తనం అక్కా, మార్తా తీసుకున్నారు. జేన్ వంతుకు పొద్దుటి ఫలహారం, టీ, పంచదారల అజమాయిషీ వచ్చాయి. 1811 నుంచి 1815 లోపల నాలుగు నవలలు అచ్చయ్యాయి. అంతా ప్రతిభే అంటారు. అందులో సగం పుణ్యం అక్కగారిదని నేనంటాను. 1816 సెప్టెంబరులో అక్క ఊళ్లో లేదు, ఇంటినిండా చుట్టాలు. తలనిండా మాంసం ముక్కలూ మందు మోతాదులూ తిరుగుతుంటే రచన ఎలా సాగుతుందని జేన్ అక్కకు ఉత్తరం రాసుకుంది. పనివాళ్లున్న ఇంట్లోనే ఆ అవస్థ!

మన బెంగాలీ రచయిత్రి ఆశాపూర్ణాదేవి బడికి వెళ్లి చదువుకోలేదు. సంసారం చూసుకుంటూనే 'ప్రథమ్ ప్రతిశ్రుతి' రాసింది. అది 1964లో వచ్చింది. 1976 జ్ఞానపీఠ పురస్కారం దానికే. ఆ పురస్కారం అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. "ఆవిడ చెయ్యలేదూ, నీకేం?" అని ఆ పేరు చెప్పి మన ఇంట్లోవాళ్లను మాత్రం దెప్పకండమ్మా. ఎన్ని రాత్రుల నిద్ర మానుకుంటే ఆ పేజీలు వచ్చాయో ఎవరు లెక్కపెట్టారు?

ఏం చెయ్యాలంటారా? ముగింపుకు ఒక నెల అని ఇంట్లో అందరికీ ముందే చెప్పెయ్యండి. ఆ నెలలో ఒక కూర, ఒక చారు. అద్దాల బీరువా దుమ్ము ఎక్కడికీ పోదు, వచ్చే నెలా ఉంటుంది. పిల్లల అన్నం, పెద్దవాళ్ల మందులు మాత్రం వేళకు జరగాలి. వాటిని ఎవరు చూస్తారో ముందే అనుకోండి. ఇంటాయన బట్టలు ఇంటాయన మడతపెట్టుకుంటే కొంప మునగదు. అన్నట్టు, ఆవకాయ రోజుల్లో మాత్రం ముగింపు పెట్టుకోకండి!

రాసే అలవాటు లేనివాళ్లం మనం ఆ నెలలో కసాండ్రా పని చెయ్యచ్చు. పక్కింటి పిల్లల్ని సాయంత్రం రెండు గంటలు మన ఇంట్లో ఆడుకోనివ్వచ్చు. "ఇంకా అవలేదా?" అని అడక్కుండా ఒక గిన్నెడు పులుసు పంపించచ్చు.

ట్రంకుపెట్టెలో కాగితాలు దాచుకున్నవాళ్లు ఎన్ని ప్రకరణాలు మిగిలాయో ఈ పూటే తీసి చూసుకోండి.

సెలవు.