ఐటీ కాదండీ, ఐటీఈ

నాకు ముందు మాట్లాడినవారంతా డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ రంగంలో పెద్దలు. నేను లారీ మెకానిక్కుని. అయినా పిలిచిన నిర్వాహకులకు కృతజ్ఞతలు.

ఐ.టి.ఐ.లో మెకానిక్ డీజిల్ ట్రేడు ఒక ఏడాది చదివాను. అసలు చదువు మాత్రం విజయవాడ ఆటోనగర్ షెడ్డులోనే. మా మేస్త్రి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి తాకించి, పిడి చెవికి ఆనించుకుని, ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో చెప్పేసేవారు. నాకూ ఆ చెవి అబ్బింది. పుస్తకం తెరిచే అవసరం రాలేదు.

1998లో అప్పు చేసి సింగపూర్ వచ్చాను. మొదటివారంలోనే, ఇంజను నడుస్తుండగా డీజిల్ ఎక్కడ కారుతోందో చూద్దామని ఇంజెక్టరు పైపు మీద చెయ్యి పెట్టబోయాను. మలయ్ సూపర్‌వైజరు నా చెయ్యి పట్టి లాగేసి, ఒక అట్టముక్క ఇచ్చాడు. లారీ టైరులో గాలి ఎనిమిది బార్ల ఒత్తిడిలో ఉంటుంది. ఇంజెక్టరు పైపులో వందల బార్లు, ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో 2,000 కూడా దాటుతుంది. కంటికి ఆనని చిల్లులోంచి వచ్చే ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూదిమొనంత గాయం, లోపల వేలే తీసెయ్యాల్సి రావచ్చు. ఈ సంగతి ఆటోనగర్‌లో నాకెవరూ చెప్పలేదు. వాళ్ళకీ తెలియదేమో.

2018 నుంచి ఇక్కడ కొత్త డీజిల్ బళ్ళకి యూరో 6 నిబంధన వచ్చింది. పొగగొట్టంలో మసి వడపోత, యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు, ఎటు చూసినా సెన్సార్లు. లాప్‌టాప్ తగిలించనిదే రోగం తెలియదు. నా చెవి ఇక చాలలేదు. నలభై దాటాక రాత్రి క్లాసుల్లో చేరాను. ఇంగ్లీషు వైరింగ్ బొమ్మలు మా అబ్బాయి పక్కన కూర్చుని చదివి చెప్పేవాడు. అలా వాడికి ఈ పని పట్టుకుంది.

స్కూలయ్యాక ఐటీఈలో ఆటోమోటివ్ కోర్సులో చేరతానన్నాడు. 1992లో పెట్టిన ప్రభుత్వ సంస్థ అది, వర్క్‌షాపులు మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కూడా చూడలేదు. కానీ దాని పేరుని ‘ఇట్స్ ది ఎండ్’ అని ఎగతాళి చేయడం ఈ ఊరి పాత అలవాటు.

ఆ ఏడాది ఉగాది భోజనాల దగ్గర ఒకాయన "బాబు ఏం చదువుతున్నాడండీ?" అని అడిగారు. ఐటీఈ అన్నాను. "ఓహో, ఐటీనా! మంచిది" అన్నారాయన. నేను సరిదిద్దలేదు. పక్కనే మా వాడు పులిహోర తింటున్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఎంఆర్‌టీలో ఒక్కటే అన్నాడు: "నీ పనే కదా నాన్నా."

ఆ ఒక్క మాటకే ఇవాళ మైకు ముందుకొచ్చాను. మా వాడు ఐటీ కాదండీ, ఐటీఈ.

డీజిల్ రోజులు అయిపోతున్నాయి కదా అంటారు. 2030 కల్లా ఇక్కడి సిటీ బస్సుల్లో సగం కరెంటువి చేయాలన్నది ప్రభుత్వ లక్ష్యం, నిజమే. వాటినీ ఎవరో ఒకరు విప్పి బాగుచేయాలిగా. ఆ బళ్ళలో నారింజరంగు తీగల జోలికి పోవద్దని ఇప్పుడు వాడే నాకు చెబుతున్నాడు.

మీ పిల్లల్లో చేతులకి గ్రీజు అంటితే చిరాకుపడనివాళ్ళుంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి. మా అబ్బాయీ వచ్చాడు. సెలవు.