తిన్న వెంటనే పరుగెడితే పొట్టలో ఏం జరుగుతుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తొమ్మిదో తరగతిలో మాకు మధ్యాహ్నం మొదటి పీరియడే డ్రిల్లు. క్యారేజీ ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పరుగు. ఒకరోజు రెండో రౌండులోనే వేపచెట్టు కింద వాంతి చేసుకున్నాను. "ఒంటికి బద్ధకం" అన్నారు మాస్టారు. జీర్ణకోశ వైద్యుణ్ణి అయ్యాక ఆ బద్ధకం సంగతి కాస్త తెలిసింది.

గుండెకున్నట్టే పొట్టకూ సొంత కరెంటు ఉంది. పైభాగంలో అల పుట్టి కిందికి పాకుతుంది, నిమిషానికి సుమారు మూడు. వాటిని పుట్టించేవి కహాల్ కణాలు. ఈ కరెంటును చర్మం మీద నుంచే నమోదు చేసి 1922లో ప్రకటించినవాడు అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్. ఆయన పరీక్షించిన వృద్ధురాలు ఎంత బక్కపలచన అంటే, పొట్ట ముడుచుకోవడం పైకి కంటికే కనిపించేదట!

అల ఒక్కటే పొట్టను కదిలించదు. అది తాళం వేస్తుంది, అంతే. అన్నం పడ్డాక నరాల ప్రేరణ తోడైతేనే కండరం ఆ తాళానికి గట్టిగా ముడుచుకుంటుంది. మెల్లగా నడిస్తే పొట్ట కాస్త త్వరగానే ఖాళీ అవుతుంది. రొప్పుతూ పరుగెడితే రక్తం కాళ్ల కండరాలకు మళ్లుతుంది, నరాలు పొట్ట పనిని తగ్గిస్తాయి, అన్నం అక్కడే నిలిచిపోతుంది. నా వేపచెట్టు కథ అదే.

పరుగులో ఆ తాళాన్ని కొలవడం మహా కష్టం. సంకేతం గుండెదానికన్నా చాలా బలహీనం; ఒళ్లు కదిలితే యంత్రం ఆ కదలికనే గీస్తుంది. అందుకే ఎక్కువగా వ్యాయామానికి ముందూ తర్వాతా, కదలకుండా పడుకోబెట్టి తీస్తారు.

ఈ వయసులో మనకిదెందుకంటే, షుగరు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు పొట్ట నరాలనూ, కహాల్ కణాలనూ దెబ్బతీస్తుంది. తాళం రెండుకన్నా తగ్గొచ్చు, నాలుగు దాటొచ్చు. రెండు ముద్దలకే కడుపు నిండుతుంది. ఇన్సులిన్ వేసుకున్నాక అన్నం పొట్టలోనే ఆగిపోతే షుగరు పడిపోయే ప్రమాదం ఉంది. నిన్న రాత్రి మనలో ఒకడు, పేరు చెప్పను, "గ్యాసురా" అంటూ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆర్నెల్లుగా ఇంతేనట. రేపు పరీక్షకు వస్తానని మాటిచ్చాడు. వాడి స్కూటరు తాళం నా జేబులో ఉంది.

మాస్టారూ, భోజనాలయ్యాక అందరం గ్రౌండు చుట్టూ ఒక రౌండు వేస్తాం. ఈసారి నడిచే.