అన్నదాన నిధి – మూలధనము



తిరుమలలో 1985లో నిత్యాన్నదానము ఆరంభమైనప్పుడు దినమునకు 2,000 మందికి భోజనము. తరిగొండ వెంగమాంబ పేర 2011లో వెలసిన భోజనశాలలో నేడు ఆ పంక్తి ఎన్నో రెట్లు పెరిగినది.

భక్తుల విరాళములను జాతీయ బ్యాంకులలో నిలువయుంచి, వచ్చు వడ్డీతో అన్నము పెట్టుట ఈ ట్రస్టు పద్ధతి. చెట్టును కొట్టక పండ్లను పంచుట వంటిది. దాత గతించినను అతని అన్నము ఆగదు. లక్ష ఇచ్చిన ధనికుని సొమ్మునకును, పది రూపాయలిచ్చిన కూలివాని సొమ్మునకును విస్తరిలో భేదము లేదు.

కావున ‘నేను పెట్టితిని’ అని దాత అనరాదు. భుజించువారు మెతుకు పారవేయరాదు. నిర్వాహకులు పైసపైసకు లెక్క చెప్పవలెను. ప్రజల నమ్మకమే అసలైన మూలధనము. అది తరిగినచో కొత్త దాత ముందునకు రాడు. ధరలు పెరుగుచుండ పాత వడ్డీ చాలదు.

స్వస్తి.