పగులు దాగినచోటనే చెవి యుంచవలెను
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామస్థుల సభలో, కొండగట్టు దిగువన, ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠము)



సంతలో కుండ కొనువారు దానిని వ్రేలితో కొట్టి చూతురు. ఖంగుమని మ్రోగినచో మంచి కుండ. బొంగురుగా పలికినచో ఎక్కడనో బీట యున్నదన్నమాట. కంటికి దొరకని బీట చెవికి దొరికినది. వంతెనలను, ఆనకట్టలను, రైలు పట్టాలను పరీక్షించు ఒక గొప్ప శాస్త్రమునకు మూలము ఇదియే.

గట్టి పదార్థమును దేనిని కొట్టినను దానిలో కంపనము పుట్టి అలవలె వ్యాపించును. శాస్త్రజ్ఞులు దీనిని స్థితిస్థాపక తరంగము అందురు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. మంచి కాంక్రీటులో ఈ తరంగము సెకనుకు 4 కిలోమీటర్లకు పైగాను, ఉక్కులో 5 కిలోమీటర్లకు పైగాను పోవును. దారిలో పగులు అడ్డుపడినచో తరంగము వెనుకకు మళ్లును. లేదా పగులును చుట్టి ఆలస్యముగా చేరును. ఆ సమాచారమును గ్రహించు చిన్న పరికరమే సెన్సారు.

పరికరము ఎంత మంచిదైనను దానిని ఉంచుచోటు సరికానిచో ఫలితము శూన్యము. ఈనాడు నేను ముఖ్యముగా మనవి చేయదలచినది ఇదియే.

పెద్దపల్లి నుండి జగిత్యాల, కోరుట్ల మీదుగా నిజామాబాదు పోవు రైలు మార్గము మీకు తెలియును. రైలు పట్టా లోపలి పగుళ్లను వెదకుటకు రైల్వేవారు చెవికి వినబడనంత సూక్ష్మమైన ధ్వని తరంగములను వాడుదురు. ఒక పరికరము తరంగమును నిట్టనిలువుగా క్రిందికి పంపును. పట్టాలో పొరవలె అడ్డముగా పడుకొనియున్న లోపము దానికి చిక్కును. కాని పట్టాను నిలువునా త్రుంచు పగులు ఆ తరంగముతో సమానముగా నిలబడియుండును గనుక దానికి చిక్కదు. అందువలన మరియొక పరికరమును 70 డిగ్రీల ఏటవాలుగా అమర్చుదురు. నిజమునకు అపాయకరమైనది ఈ రెండవ పగులే. తరంగము పగులును అడ్డముగా తాకునట్లు ఏర్పాటు చేయుటయే ఈ విద్యలోని మొదటి సూత్రము.

కాంక్రీటు విషయములో మరికొన్ని జాగ్రత్తలు కలవు. స్తంభమునకు ఒక ప్రక్క తరంగమును పంపి, సరిగా ఎదుటి ప్రక్క గ్రహించుట ఉత్తమము. రెండు పరికరములను ఒకే ముఖమున ఉంచినచో తరంగము చాలవరకు పైపొర సంగతియే చెప్పును. లోపలి ఇనుప కడ్డీ వెంబడి పోయినచో తరంగము వేగముగా చేరి, చెడిన కాంక్రీటును కూడ మంచిదిగా చూపును. పగులు నిండ నీరున్నచో తరంగము నీటిగుండ దాటిపోవును. పగులు మరుగున పడును. కావున వానకాలములో ఒక్కసారి చూచి నిశ్చింతగా నుండరాదు. వేగము సెకనుకు 3 కిలోమీటర్లకు తగ్గినచో ఆ కాంక్రీటును అనుమానింపవలసినదే.

ఇది మనము తట్టి వినుట. తట్టకుండ వినుటయు కలదు. కట్టె విరుగుటకు ముందు చిటచిటలాడును గదా! అట్లే ఉక్కు గాని, కాంక్రీటు గాని పగులు పెరుగునప్పుడు తానే సూక్ష్మమైన తరంగములను వెలువరించును. జర్మనీ దేశమున యోజెఫ్ కైజర్ 1950లో ఈ విషయమును పరిశోధించి ప్రకటించెను. ఒక సెన్సారు శబ్దము పుట్టినదని మాత్రమే చెప్పును. ఒక పలకపై మూడు సెన్సార్లు దూరదూరముగా నున్నచో, ఏది ముందు వినెను, ఏది ఎంత ఆలస్యముగా వినెను అను లెక్కతో పగులు పుట్టినచోటును గుర్తింపవచ్చును. ఆ మూడును ఒకే వరుసలో నుండరాదు. మరీ దూరముగా నున్నచో తరంగము దారిలోనే అణగిపోవును.

ఇంత వివరము మనకెందుకని మీరు అడుగవచ్చును. 2023 అక్టోబరు 21న గోదావరిపై మేడిగడ్డ బ్యారేజీ ఏడవ బ్లాకులో కొన్ని పియర్లు క్రుంగినవి. మన మిడ్ మానేరుకు ఎత్తిపోతల నీటిని అందించుటకు ఉద్దేశించిన వరుసలో అది మొదటి బ్యారేజీ. పునాది రాఫ్టు క్రింది ఇసుక కదలిపోయి ఆధారము కోల్పోవుట ముఖ్య కారణమని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు తెలిపిరి. పియరుపై ఎన్ని సెన్సార్లు అంటించినను అవి పియరు సంగతినే ముందుగా చెప్పును. క్రింది నేల సంగతి తెలియవలెనన్నచో తరంగము ఆ నేలగుండ పోవలెను. నీటి ఒత్తిడిని కొలుచు పరికరములును తోడు కావలెను. ఎక్కడ చెడునో ముందుగా ఆలోచించి అక్కడ చెవి యుంచవలెను గాని, నిచ్చెన వేయుటకు వీలైనచోట కాదు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము పెద్ద ఆనకట్టల యజమానులు తగిన పరికరములను అమర్చవలెననియు, వాటి కొలతలను భద్రపరుపవలెననియు విధించినది. కట్టడము ఆరోగ్యముగా నున్ననాటి కొలత మిక్కిలి విలువైనది. ఎండకు, చలికి కూడ తరంగ వేగము కొంత మారును. పాత లెక్క లేనిచో కొత్త మార్పు ఎండవలననా, పగులువలననా తేలదు.

ఇందులో మీ పాత్ర చిన్నది కాదు. వంతెనపై గాని, నీటి ట్యాంకుపై గాని అమర్చిన పెట్టెలను, తీగలను ఎవరును కదల్పకుండ చూడుడు. అంగుళము జరిగినను పాత లెక్కతో పోలిక చెడును. కొత్త బీట, తుప్పు చారిక, కట్ట దిగువన బురద ఊట కనబడినచో వెంటనే పంచాయతీకిని, ఇంజనీరుకును తెలుపుడు. బీటపై సిమెంటు పూసి మరుగుపరుపనీయకుడు. పరీక్షకు వచ్చినవారిని, "ఏ వైపు నుండి ఏ వైపునకు చూచితిరి? నీటిలో మునిగిన భాగమును చూచితిరా?" అని అడుగుడు. అట్లడుగుట మీ హక్కు.

సెన్సారు ఒక చెవి. మీ కన్నులు దానికి తోడు. రెండును మెలకువగా నున్నచో, మన బిడ్డలు దాటు వంతెన, మన పొలములకు నీరిచ్చు కట్ట చెడకముందే మనకు చెప్పును.