ఇంటిలో తాబేటికి తావు



కోళ్ళకు గూడు, ఆవుకు కొట్టము, చేపలకు గాజుతొట్టి - ఏ ప్రాణికి ఎట్టి తావు కావలయునో మన ఇండ్లలో పెద్దలకు తెలియును. తాబేటి విషయమున మాత్రము ఆ తెలివిడి తక్కువ. అది అరవదు, పరుగెత్తదు, ఆకలియని అడుగదు. కనుక ఏ మూలనైనను బ్రదుకగలదని మన మనుకొందుము. ఆ మౌనమే దానికి ముప్పు తెచ్చుచున్నది. తక్కువ వ్యయముతో తాబేటికి ఇంటిలోపల తగిన తావు నెట్లు అమర్చవచ్చునో నేడు చెప్పుకొందము.

తావు కంటె ముందు, ఆ తాబేలు ఎక్కడిదో విచారింపవలెను. డిప్పపై పసుపు చారలతో చుక్కలవలె మెరయు నక్షత్ర తాబేలు మన దక్షిణదేశపు మెట్టపొదలలో పుట్టునది. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మము ఆలయమున దానిని చూచినవారు మనలో అనేకులు. ఇంటికి అదృష్టము తెచ్చునను నమ్మకముతో కొందరు దానిని చాటుగా కొనుచున్నారు. అది నేరము. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ ఈ తాబేటిని మొదటి షెడ్యూలులో చేర్చినది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. ఈ నేరమునకు మూడేండ్లకు తక్కువగాక ఏడేండ్ల వరకు కారాగారము, ఇరువదియైదువేల రూపాయలకు తక్కువగాక జరిమానా కలవు. మన చెరువులలోని మెత్తని డిప్ప తాబేటికిని ఇదే రక్షణ. అట్టిది దొరకినచో అటవీశాఖవారికి అప్పగింపవలెను గాని, మనమే తీసికొనిపోయి ఎక్కడనో విడువరాదు. దొంగరవాణాలో దేశము దాటిన నక్షత్ర తాబేళ్ళలో 51 తాబేళ్ళను 2018లో సింగపూరు నుండి తిరిగి మన దేశమునకు చేర్చుటకు ఎంతమంది శ్రమించిరో తలచినచో, పొదలో నున్నదానిని పొదలోనే ఉండనిచ్చుట ఎంత సులభమో తెలియును.

ఇక విదేశపు తాబేళ్ళ మాట. సల్కాటా అను ఆఫ్రికా తాబేటిని పెంచువారు మన నగరములలో ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమముల ననుసరించి ఇట్టివానిని పరివేష్ అను ప్రభుత్వ అంతర్జాల వేదికలో నమోదు చేయింపవలెను. ఆ పత్రములు లేనిదానిని ఎంత చౌకగా వచ్చినను కొనరాదు.

హైదరాబాదు అంచున, రంగారెడ్డి జిల్లాలోని కోహెడలో ఒక కుటుంబమువద్ద పత్రములు సరిగా నున్న సల్కాటా పిల్ల యొకటి కలదనుకొందము. దానికి గాజుతొట్టి కొననక్కరలేదు. గాజును తాబేలు అడ్డుగా గుర్తింపదు. దినమెల్ల దానిని త్రోయుచు అలసిపోవును. తలుపులు లేని పాత పుస్తకముల బీరువాను వెల్లకిల పరుండబెట్టి, అడ్డపలకలు తీసివేసినచో మంచి పెట్టె యగును. అదియు లేకున్న పండ్ల మార్కెట్టులలో వాడి విడిచిన చెక్కపెట్టెల పలకలు చాలును. కోహెడవారికి అవి క్రొత్త గావు; 2020లో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టును కొంతకాలము అక్కడికే తరలించిరి. పెట్టె నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండవలెను. మేకుల మొనలు లోపలికి రాకూడదు. చెమ్మకు చెక్క చెడకుండ అడుగున మందపు ప్లాస్టిక్కు పట్టా పరువవలెను.

పట్టాపై ఎర్రమట్టిని, కొబ్బరిపీచు పొట్టును కలిపి నాలుగంగుళముల మందమున పోయవలెను. ఉత్త ఇసుక పనికిరాదు; మేతతో కడుపులో చేరి అడ్డుపడును. నున్నని నేలపై కాళ్ళు జారి కీళ్ళు చెడును. ఒక మూల కుండపెంకును బోర్లించినచో అదియే దాగుకొను గుహ. ఆ మూల మట్టిని కొద్దిగ తడిగా ఉంచవలెను. మిక్కిలి పొడిగా పెరిగిన పిల్లకు డిప్పపై గుట్టలు లేచును. అవి మరల అణగవు.

తాబేటికి తన ఒంటి వేడిమిని తానే పుట్టించుకొను శక్తి లేదు. కావున పెట్టెలో ఒక కొన 32 మొదలు 35 డిగ్రీల వరకు, రెండవ కొన 26 డిగ్రీల ప్రాంతమున ఉండవలెను; అది తనకు కావలసిన చోటికి తానే పోవును. డిసెంబరు, జనవరి మాసములలో ఒక కొనపై పాతకాలపు తీగబల్బును గొలుసుతో గట్టిగా వ్రేలాడదీసి, ఉష్ణమాపకము చూచుచు ఎత్తు సవరింపవలెను. బల్బు జారిపడినచో ఇల్లే అంటుకొనును. ఇక్కడ తాడు వాడరాదు. రాత్రి వెలుతురు ఉండరాదు. ఏప్రిల్, మే మాసములలో మన ప్రాంతమున బల్బు మాట అటుంచి, పెట్టెను ఇంటిలో చల్లని గదికి మార్చవలసియుండును. రేకులకప్పు క్రింద ఉంచుట దానిని చంపుటయే.

పొదుపు చేయరాని వస్తువు ఒకటి కలదు, అది ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణముల వలననే దాని ఒంటిలో డి విటమిన్ ఏర్పడును. అది లేక సున్నము ఒంటబట్టదు, ఎముకలు మెత్తనగును, డిప్ప వంగును. కిటికీ అద్దము ఆ కిరణములను ఆపివేయును. కనుక ప్రతి ఉదయము అరగంట, సగము నీడ గల చోట, కుక్కలు కాకులు రాకుండ మనిషి కాపుండి ఎండలో ఉంచవలెను. ఎండ తగులని ఇండ్లవారు అందుకై చేసిన ప్రత్యేక దీపమును కొని, వెలుగుచున్నను ఏడాదికొకసారి మార్చవలెను. వెలుతురు తగ్గకమునుపే ఆ కిరణములు తగ్గును.

మట్టిమూకుడులో నీరు దాని గడ్డము దాటరాదు. పిల్లను దినమునకు పావుగంట గోరువెచ్చని నీట నిలుపవలెను. మేత గరిక, ఎండుగడ్డి, మందార ఆకులు, ముండ్లు తీసిన నాగజెముడు. అన్నము, రొట్టె, పాలు, తీపిపండ్లు వలదు. పక్షులకు పెట్టు సముద్రపు నురుగు ముక్క సున్నమునకు చాలును. తాబేటిని తాకినవారు చేతులు సబ్బుతో కడుగవలెను. సాల్మొనెల్లా జ్వరములు పిల్లలకు సోకుచున్నందుననే 1975లో అమెరికా ప్రభుత్వము నాలుగంగుళములకు లోబడిన తాబేళ్ళ అమ్మకమును నిషేధించినది.

చివరకు ఒక మాట. ఈ పెట్టె బాల్యమునకే. అరచేతిలో ఇమిడిన సల్కాటా పెరిగి రెండడుగులు దాటును, నలుబది కిలోలు తూగును. అప్పుడు దానికి పెరడు కావలెను. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో చాణక్య అను గాలపాగస్ తాబేలు 2024 మార్చిలో మరణించునాటికి దాని వయస్సు నూట ఇరువదియైదేండ్లని అధికారులు తెలిపిరి. 1963లో పబ్లిక్ గార్డెన్సు నుండి దానిని అక్కడికి తెచ్చినవారిలో ఎందరు దానికంటె ముందే పోయియుందురో! తాబేటిని ఇంటికి తెచ్చుట అనగా, మన తరువాత దానిని చూచువారెవరో నేడే నిశ్చయించుట. ఆ ప్రశ్నకు ఇంటిల్లిపాదియు కూర్చుండి బదులు చెప్పగలిగినప్పుడే పెట్టె కట్టుటకు పూనుకొనవలెను. చెప్పలేనివారు తేకుండుటయే ఆ ప్రాణికి మేలు.